కొరమీను వేసే ముందు మేత చేపల్ని పెంచండి: పెరటి గుంటకు మన చిత్తూరు లెక్క

పెరట్లో గుంట తవ్వించి, షీటు పరిచి, బోరు నీళ్లు నింపిన వారానికే కొరమీను పిల్లలు ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్లు తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఈమధ్య ఎక్కువయ్యారు. సంతోషమే. కానీ ఆ పిల్లల్ని తెచ్చి వదిలాక అవి ఏం తింటాయి? కొరమీను తవుడు తిని పెరిగే చేప కాదు. కదిలేదాన్ని వేటాడి మింగుతుంది, మింగడానికి ఏమీ దొరక్కపోతే తన తోటిదాన్నే మింగుతుంది. వంద పిల్లల్ని వేశాం, గుంట తోడిస్తే పెద్దవి నాలుగైదు మాత్రమే మిగిలాయి, పాములు తినేశాయేమో అని అనుకునేవాళ్ల గుంటల్లో చాలాసార్లు జరిగింది ఇదే.

నేను చెప్పేది ఒకటే. ముందు మేత చేపలు, తర్వాతే వేట చేపలు. రెండింటికీ మధ్య కనీసం మూడు నెలల ఎడం ఉండాలి. మేత చేపలు పిల్లలు పెట్టి, ఆ పిల్లలు పెద్దవై మళ్లీ పిల్లలు పెట్టేదాకా కొరమీను ఆ గుంటలోకి రాకూడదు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బతికున్న చిన్న చేపల్ని తిని కొరమీను ఒక కిలో బరువు పెరగాలంటే అటూఇటూగా నాలుగైదు కిలోల మేత చేపలు కావాలి. ఒక్కోటి ముప్పావు కిలోకు రావాలంటే దానికి మూడు నాలుగు కిలోలు. మీ గుంట 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు అనుకుందాం, అంటే 300 చదరపు అడుగులు. బాగా ఎరువు వేసి, మేత వేసి చూసుకున్నా అంత చిన్న గుంటలో ఏడాదికి పుట్టే చిన్న చేపలు ఇరవై ముప్పై కిలోలు దాటతాయని ఆశ పెట్టుకోకండి. కాబట్టి అందులో వేయాల్సిన కొరమీనులు ఆరు నుంచి ఎనిమిది. వినగానే ఇంతేనా అనిపిస్తుంది. ఇంట్లో తినడానికి పెంచుకునేవాళ్లకు ఎనిమిది మంచి కొరమీనులు తక్కువేం కాదు. ముప్పై నలభై వేయాలనుకుంటే అది పెల్లెట్ మేతతో, అంటే కొనే గుళికల మేతతో చేసే సాగు, దాని ఖర్చూ పద్ధతీ వేరు.

గుంట, నీళ్లు

మనవైపు ఎర్రనేల, ఇసుక కలిసిన నేల ఎక్కువ. చంద్రగిరి, పాకాల, పెనుమూరు వైపు గుంట తవ్వి నీళ్లు పెడితే తెల్లారేసరికి సగం ఇంకిపోయే చోట్లు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో చెరువు పూడిక తీసి ట్రాక్టర్లలో తోలుతుంటారు కదా, ఆ ఒండ్రుమట్టి దొరికితే అడుగునా గట్లకూ అర అడుగు మందాన వేసి, తడిపి, బాగా తొక్కించండి. దొరక్కపోతే షీటే. పలచటి టార్పాలిన్ ఎండకు రెండేళ్లు కూడా ఆగదు, కనీసం 500 మైక్రాన్ల షీటు తీసుకోండి, దాని మీద అడుగున మూడు నాలుగు అంగుళాల మట్టి పరవండి. మట్టి లేని షీటు గుంటలో నీళ్లు తొందరగా పచ్చబడవు, చేపలకు అడుగున తిండి పుట్టదు.

లోతు నాలుగు అడుగులు ఉంటే చాలు, ఒక మూల మాత్రం అడుగు, అడుగున్నర లోతులో వాలుగా వదలండి, చిన్న పిల్లలు చేరే చోటు అదే. గట్టు నేలకంటే అడుగు ఎత్తుండాలి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులే ఏరులై పారాయి, అలాంటి వాన ఒక్కటి పడితే బయటి నీళ్లు గుంటలోకి, గుంటలోని చేపలు బయటికి పోతాయి. నీళ్లు ఎక్కువైతే పోవడానికి పైన ఒక పైపు పెట్టి, దాని మూతికి సన్న జాలీ కట్టండి.

బోరు నీళ్లు నేరుగా పట్టి అదేరోజు చేపలు వదలకండి. భూమి లోపలి నుంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. పైపు ఎత్తులో పెట్టి నీళ్లు జల్లులా పడేట్టు నింపి, నాలుగైదు రోజులు ఎండా గాలీ తగలనివ్వండి. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి కూడా ఆ గడువు కావాలి. మన బోరు నీళ్లలో ఉప్పదనం, గట్టిదనం ఎక్కువని టెన్షన్ పడేవాళ్లుంటారు, మేత చేపలకు అదేం ఇబ్బంది కాదు, గప్పీలకైతే గట్టి నీళ్లే నచ్చుతాయి.

మట్టి గుంటకు నీళ్లు పెట్టే ముందు ముప్పావు కిలో నుంచి కిలో దాకా సున్నం అడుగంతా చల్లండి. వారం ఆగి నీళ్లు, ఆ తర్వాత పేడ. పచ్చిపేడ ఇరవై కిలోలు నీళ్లలో కలిపి గుంటంతా పలచగా చల్లితే వారం పది రోజుల్లో నీళ్లు లేత ఆకుపచ్చకు తిరుగుతాయి. ఆ పచ్చదనాన్ని తిని కంటికి సరిగా ఆనని నీటి పురుగులు పుడతాయి, మీ మేత చేపల పిల్లలకు మొదటి తిండి అదే. తర్వాత వారానికోసారి రెండు మూడు కిలోలు చాలు.

పేడ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మన జిల్లాలో పాడి ఆవులు ఎక్కువ కాబట్టి పేడకు కొదవ లేదు. కానీ ఆవుకు ఐవర్‌మెక్టిన్ లాంటి పురుగుల మందు వేయించి ఉంటే నెల రోజుల పాటు ఆ పేడ గుంటలో వేయకండి. ఆ మందు పేడతో పాటు బయటికొస్తుంది, నీటి పురుగుల్ని చంపేస్తుంది. నీళ్లు పచ్చగానే కనిపిస్తాయి, లోపల చేపపిల్లలకు తిండి ఉండదు, పిల్లలు ఎందుకు మిగలట్లేదో ఎంత ఆలోచించినా అర్థం కాదు.

నీళ్లు సరిపడా పచ్చబడ్డాయో లేదో చూడడానికి మీటర్లేం అక్కర్లేదు. చేతిని మోచేతి దాకా నీళ్లలో ముంచండి. అరచెయ్యి అప్పుడే కనపడకుండా పోతుంటే సరిగ్గా ఉన్నట్టు. మోచెయ్యి మునిగినా వేళ్లు స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకాస్త పేడ వేయాలి. మణికట్టు దగ్గరే చెయ్యి మాయమైపోతే ఎరువు ఆపేసి, పావు వంతు నీళ్లు మార్చండి.

ఏ మేత చేపలు

ఒక్క రకంతో పని జరగదు. మూడంగుళాల కొరమీను పిల్ల తినేది వేరు, అడుగు పొడవున్న కొరమీనుకు కావాల్సింది వేరు. వేట చేప తన పొడవులో మూడో వంతు దాకా ఉన్నదాన్ని సులువుగా మింగుతుంది. అంటే చిన్నప్పుడు అంగుళం చేప చాలు. పెద్దయ్యాక అదే అంగుళం చేప వెంట పరిగెత్తితే తిన్న తిండి ఆ పరుగుకే సరిపోతుంది, ఒళ్లు పట్టదు. అందుకే మేత చేపలు చిన్నా పెద్దా అన్ని సైజుల్లో ఉండాలి.

మొదట గప్పీలు. అక్వేరియం షాపుల్లో తోకలు వెడల్పుగా ఉండే ఖరీదైన రంగుల గప్పీలు కావు, దోమల కోసం కాలువల్లో, తొట్లలో వదిలే మామూలు గప్పీలు. ఇవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. నాలుగు వారాలకోసారి ఒక్కో ఆడది ఇరవై నుంచి యాభై దాకా పెడుతుంది, ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ ఈతకొస్తాయి, అంటే పిల్లలు పెట్టే వయసుకొస్తాయి. 300 చదరపు అడుగుల గుంటకు రెండు వందలతో మొదలుపెట్టండి. మగవి యాభై, ఆడవి నూట యాభై. మగవి చిన్నగా రంగురంగుల్లో ఉంటాయి, ఆడవి పెద్దగా బూడిద రంగులో, పొట్ట చివర నల్లమచ్చతో ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. మగవి ఎక్కువైతే ఆడవాటి వెంటపడి వాటిని తిననివ్వవు. గుంటలో గప్పీలుంటే దోమల గుడ్ల నుంచి పుట్టే పురుగుల్ని తినేస్తాయి కాబట్టి, పెరట్లో నీళ్లు నిలవబెట్టి డెంగ్యూ తెస్తున్నారని పక్కింటివాళ్లు అనరు.

గప్పీలతో మొదటి రెండు నెలలు గడుస్తాయి, అంతకుమించి కాదు. పెద్ద ఆడ గప్పీ కూడా గ్రాము అటూఇటూగానే తూగుతుంది, వేల గప్పీలు కలిస్తే రెండు మూడు కిలోలు.

రెండోది పరిగెలు, చెరువుల్లో వలకు పడే ఆ చిన్న వెండిరంగు చేపలు. రెండు నుంచి నాలుగు అంగుళాలు పెరుగుతాయి, నాచు మీద గుడ్లు పెడతాయి, తవుడూ, నూనె తీసిన చెనక్కాయ చెక్కా బాగా తింటాయి, పెరిగే వయసు కొరమీనుకు సరిగ్గా సరిపోయే సైజు. నన్నడిగితే పెరటి గుంటకు అసలైన మేత చేప ఇదే. చచ్చినవి సంతలో దొరుకుతాయి, బతికున్నవి కావాలంటే చెరువులో వల వేసేవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఊరి చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిదో, వేలంపాటలో పాడుకున్నవాళ్లదో అయి ఉంటుంది, అడక్కుండా మనమే వెళ్లి వల వేయడం పద్ధతి కాదు. పొద్దున్నే బక్కెట్లతో వెళ్లి, వల లాగగానే నలగని వాటిని రెండు మూడు వందలు ఏరుకోండి. ఏరేటప్పుడు కళ్లు పెట్టి చూడాలి. మట్టగిడస పిల్లో, కొరమీను పిల్లో, వాలుగ పిల్లో ఒక్కటి కలిసినా మీ మూడు నెలల శ్రమ అది తిని కూర్చుంటుంది. తల చదునుగా, ఒళ్లు గుండ్రంగా పొడవుగా ఉన్నది ఏది కనిపించినా, మీసాలున్నది ఏది కనిపించినా తీసేయండి.

మూడోది జిలేబి, అదే తిలాపియా. ఇది 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప, ఇప్పుడు లేని చెరువు లేదు. దీన్ని నేరుగా కొరమీను గుంటలో వేయొద్దని నా గట్టి అభిప్రాయం. రెండు మూడు నెలలకే ఈతకొస్తుంది, ఆడది గుడ్లనూ పిల్లల్నీ నోట్లో పెట్టుకుని కాపాడుతుంది కాబట్టి పిల్లలు బాగా మిగులుతాయి. ఆర్నెల్లు చూసేసరికి గుంటంతా అరచేతి సైజు జిలేబీలతో నిండిపోయి, కొరమీను వాటిని మింగలేక, అవేమో పరిగెల మేతంతా తినేసి, గుంట ఎందుకూ కొరగాకుండా పోతుంది. దీన్ని వాడాల్సిన తీరు వేరు. పక్కనే ఒక సిమెంటు తొట్టి, ఆరడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు ఉంటే చాలు, అందులో ఒక మగది మూడు ఆడవి వేసుకోండి. ఈతకొచ్చిన మగది నల్లగా మారుతుంది, గడ్డం కింద తెల్లగా, రెక్కల అంచు ఎర్రగా ఉంటుంది. తొట్టి అడుగున నాలుగంగుళాల ఇసుక వేస్తే అది గుంత చేసుకుంటుంది. నెలకు కొన్ని వందల పిల్లలు వస్తాయి. గుంటలో మేత తగ్గినప్పుడు అంగుళం, అంగుళంన్నర పిల్లల్ని అవసరమైనన్ని పట్టి కొరమీనుల గుంటలో వేస్తూ ఉండండి. పెద్దవి మాత్రం ఎప్పుడూ తొట్టి దాటకూడదు.

రోహు, కట్ల, మృగాల పిల్లల్ని మేతగా వేయడం డబ్బు నీళ్లలో పోయడమే. అవి ఇంత చిన్న గుంటలో గుడ్లు పెట్టవు, అయిపోతే మళ్లీ కొనాల్సిందే.

బయటి నుంచి తెచ్చిన చేపల్ని నేరుగా గుంటలో పోయకండి. చేప పేను, గాయాలు, బూజు వెంట వస్తాయి. ఒక పెద్ద డ్రమ్ములో లీటరుకు మూడు గ్రాముల లెక్కన కల్లుప్పు కలిపి (అయొడైజ్డ్ కాదు, మామూలు కల్లుప్పు) వారం రోజులు ఉంచండి, చిన్న గాలి పంపు పెట్టండి, రోజూ మూడో వంతు నీళ్లు మార్చి తీసేసిన నీళ్లకు తగ్గ ఉప్పు మళ్లీ కలపండి. చచ్చేవి మొదటి రెండు రోజుల్లోనే చస్తాయి. మిగిలినవాటిని సాయంత్రం చల్లబడ్డాక, డ్రమ్ము నీళ్లలో గుంట నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ పావుగంట అలవాటు చేసి వదలండి.

మొదలుపెట్టే కాలం

ఎండాకాలంలో మొదలుపెట్టకండి. రోహిణి కార్తె దాటాలి. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, ఆ తర్వాత ఒకటి రెండు వానలు పడి నీళ్లు చల్లబడ్డాక గప్పీలు, పరిగెలు వేస్తే సెప్టెంబరు చివరికి గుంట సిద్ధమవుతుంది. కొరమీను పిల్లలు దొరికేది కూడా వానాకాలంలోనే. (మృగశిర నాడు చేపలు తినాలని అందరూ ఎగబడతారు కాబట్టి, వల వేసేవాళ్లను ఆ వారం బతికున్న పరిగెలు అడిగితే పట్టించుకోరు. పది రోజులు ఆగండి.) పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతం, చలి ఎక్కువ. అక్కడ నవంబరు నుంచి జనవరి దాకా గప్పీలు పిల్లలు పెట్టడం బాగా తగ్గిస్తాయి, కొరమీనూ సరిగా తినదు. అక్కడివాళ్లు జూన్‌లోనే తప్పకుండా మొదలుపెట్టాలి, ఆలస్యమైతే చలి దాటాక ఫిబ్రవరిలో మేత చేపలు వేసి, వానాకాలం దాకా ఆగాలి.

ఈ మూడు నెలల్లో చేయాల్సిన పని తక్కువే కానీ మానకూడదు. తవుడు, చెనక్కాయ చెక్క పొడి సమపాళ్లలో కలిపి, పొద్దునా సాయంత్రం గుప్పెడు గుప్పెడు ఒకే చోట చల్లండి. పావుగంటలో అయిపోవాలి, అడుగున మిగిలితే మరుసటి పూట తగ్గించండి. చెక్క బూజు పట్టి ఉంటే వాడకండి, మన చెనక్కాయ చెక్క తడి తగిలితే ఇట్టే బూజు పడుతుంది, అది చేపల కాలేయాన్ని చెడగొడుతుంది.

దాగుడు చోట్లు ఇంకా ముఖ్యం. గప్పీ తల్లే తన పిల్లల్ని తినేస్తుంది, పరిగెలు ఒకదాని గుడ్లు ఒకటి తింటాయి. గుంటలో మూడో వంతు జాగాలో నాచు, తామర లాంటివి ఉండనివ్వండి. గుర్రపుడెక్క మాత్రం తేకండి, రెండు నెలల్లో నీళ్లు కనపడనివ్వదు. ఎండు కొబ్బరి మట్టలు, వెదురు కట్టలు, పగిలిన కుండలు అక్కడక్కడ ముంచండి. షీటు గుంటైతే తుమ్మకంప వేయొద్దు, ముల్లు దిగితే చిల్లు ఎక్కడుందో వెతకలేం. వాలుగా వదిలిన ఆ లోతు తక్కువ మూలను ముందే ఒక జాలీతో అడ్డం కట్టేయండి, చిన్న చేపలు దూరేంత, కొరమీను పిల్ల దూరలేనంత కళ్లున్న జాలీ. చిన్న చేపలు అటూ ఇటూ దూరతాయి, రేపు కొరమీను వచ్చాక అది దాటలేదు. గుంటలోనే మీ మేత చేపల పుట్టిల్లు లాంటిదన్నమాట. నేను చెప్పిన వాటిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఈ జాలీ కట్టండి. మేత పూర్తిగా తుడిచిపెట్టుకుపోకుండా ఆపేది అదే.

మేత చేపలకు కొరమీనుకంటే ముందే వచ్చే శత్రువులున్నారు. తూనీగ పిల్లలు నీళ్లలో ఉండి చేపపిల్లల్ని పట్టి తింటాయి, కనిపించినప్పుడు వలతో తీసేయండి. లకుముకి పిట్టలు, కొంగలు గుంట మీద కాపు కాస్తాయి, పైన వల కట్టడమే దారి. నీరుకట్ట పాము చేపల కోసమే వస్తుంది, విషం లేనిది, కొట్టి చంపకండి, గట్టు చుట్టూ రెండడుగుల ఎత్తున సన్న జాలీ కట్టి అడుగు అంచు మట్టిలో పూడిస్తే రాదు. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఎలాగూ కంచె కట్టాల్సిందే, రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి.

తోట పక్కన గుంట ఉన్నవాళ్లు మామిడి పూత సమయం, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, జాగ్రత్తగా ఉండాలి. తేనెమంచు పురుగుకు కొట్టే మందుల్లో సైపర్‌మెత్రిన్ లాంటివి చేపలకు కొద్దిగా తగిలినా చాలు, పొద్దుటికి అన్నీ తేలతాయి. మందు కొట్టే రోజు పక్క తోటవాళ్లను ముందే అడిగి తెలుసుకుని, గుంట మీద పట్టా కప్పి, గాలి తగ్గాక తీయండి. మందు కొట్టిన పంపు, డ్రమ్ము గుంటలో కడగనివ్వకండి.

సిద్ధమైందని ఎలా తెలుస్తుంది

పది పన్నెండు వారాలయ్యాక ఇద్దరు చెరో చివర పట్టుకుని పాత నూలు చీరనో, దోమతెరనో గుంటలో ఒక మూల నుంచి మరో మూలకు లాగండి. పడినవాటిని తెల్ల టబ్బులో వేసి చూడండి. మీరు చూడాల్సింది ఎన్ని పడ్డాయని కాదు, ఎన్ని సైజులు పడ్డాయని. బియ్యపు గింజంత పిల్లలు, అంగుళం లోపువి, ఈతకొచ్చిన పెద్దవి, మూడూ కలిసి కనిపిస్తే గుంట సిద్ధం. అన్నీ పెద్దవే పడితే మీరు వేసినవే తిరుగుతున్నాయి తప్ప పిల్లలు మిగలట్లేదని అర్థం. దాగుడు చోట్లు పెంచండి, నీటి పచ్చదనం చూడండి, ఇంకో నెల ఆగండి. ఈ ఆగడమే ఎవరికీ కుదరదు. ఇంకో నెల ఆగితే కొరమీను నెల ఆలస్యంగా పెరుగుతుంది, అంతే. ఆగకపోతే మేతంతా అయిపోయి మళ్లీ మొదటికి వస్తారు.

కొరమీను పిల్లలు మూడు నాలుగు అంగుళాలవి తీసుకోండి, అన్నీ ఒకే సైజువి. ఒకటి రెండంగుళాలు పెద్దదైనా మిగతావాటిని తినడంతోనే మొదలుపెడుతుంది. హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి అమ్మే చోట, పెల్లెట్ తినడం అలవాటు చేసిన పిల్లలైతే ఇంకా మంచిది, మేత తక్కువైన వారం పెల్లెట్ వేసి నెట్టుకురావచ్చు. ఎక్కడ దొరుకుతాయో మీ రైతు సేవా కేంద్రంలోని మత్స్య సహాయకుణ్ణో, జిల్లా మత్స్యశాఖ ఆఫీసునో అడగండి. వాలుగ ఇంత చిన్న గుంటకు తగదు, ఎంత వేసినా చాలదు. తొందరగా పెరుగుతుందని ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లల్ని ఇవ్వబోతే తీసుకోకండి. దాని పెంపకం మన దేశంలో నిషేధం, ఒక్కటి వాగులోకి తప్పించుకున్నా అక్కడి చేపల్ని బతకనివ్వదు.

వేసే ముందు నీటి మట్టం గట్టు అంచు కంటే అడుగున్నర కిందికి ఉండాలి, పైన వల గట్టిగా బిగించి ఉండాలి. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, వాన పడిన రాత్రి గుంటలోంచి ఎగిరి, తడి నేల మీద పాకి పోతుంది. వల వదులుగా ఉన్న మూల అది కచ్చితంగా కనిపెడుతుంది.

ఆ గాలి పీల్చే గుణం వల్లే ఇంకో ప్రమాదముంది, చాలామందికి తట్టదు. గుంటలో ఆక్సిజన్ తగ్గితే కొరమీనుకు ఏమీ కాదు, చచ్చేవి మేత చేపలు. కొరమీను హుషారుగా ఉందని మనం నిశ్చింతగా ఉంటాం, దాని తిండి మాత్రం ఒక్క రాత్రిలో పోతుంది. తెల్లవారుజామున, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజుల్లో, గుంట దగ్గరికి వెళ్లి చూడండి. చిన్న చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే బోరు నీళ్లు ఎత్తునుంచి జల్లుగా పోయండి, రెండు రోజులు మేతా పేడా ఆపండి. రాత్రిపూట నడిచే చిన్న గాలి పంపు కొనుక్కుంటే ఈ బాధ ఉండదు.

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి ఒక లాగుడు. బియ్యపు గింజంత పిల్లలు కనిపిస్తున్నంతకాలం దిగులు లేదు. అవి తగ్గి, పెద్ద ఆడ గప్పీలు కూడా తగ్గిపోతుంటే కొరమీనులు మొదలుకే ఎసరు పెడుతున్నాయన్నమాట, వెంటనే తొట్టిలోంచి జిలేబి పిల్లల్ని దించండి. కొరమీనును కూడా పట్టి చూడండి. తల పెద్దగా, ఒళ్లు సన్నగా ఉంటే ఆకలితో ఉంది. ఒకటి మిగతావాటికంటే బాగా పెరిగిపోతే దాన్ని ముందే తీసి వండేసుకోండి, అందరికంటే ఎక్కువ తినేదీ అదే, తోటివాటికి ప్రమాదమూ అదే.

మార్చి నుంచి తిరుపతి ఎండ సంగతి తెలిసిందే. ఈ సైజు గుంటలో రోజుకు దగ్గరదగ్గర రెండు వందల లీటర్లు ఆవిరైపోతాయి, ఒక డ్రమ్ము నిండా. రోజూ సాయంత్రం ఆ మేరకు నీళ్లు పెట్టండి, రెండు మూడు రోజులవి కలిపి ఒకేసారి కాదు. సగం గుంట మీద షేడ్ నెట్టో, కొబ్బరాకు పందిరో వేయండి. బోర్లు ఎండే ఊళ్లవాళ్లు ఏప్రిల్ కల్లా కొరమీనుల్ని పట్టేసుకోవడం మేలు.

పట్టడానికి నీళ్లు తోడేటప్పుడు ముందు జాలీ మూలలోని చిన్న చేపల్ని జిలేబీలు లేని మరో తొట్టిలోకి మార్చండి, వచ్చే జూన్‌కు విత్తనం అవే. కొరమీనులు అడుగు బురదలోకి దూరి దాక్కుంటాయి, నీళ్లు అయిపోయాయి కదా అని వదిలేయకుండా బురదంతా చేత్తో తడిమి చూడండి. తోడిన నీళ్లు టమోటాకో, అరటికో పారించండి, పేడా చేపల రెట్టా కలిసిన ఎరువు నీళ్లవి. గప్పీలూ జిలేబీలూ కలిసిన నీళ్లను మాత్రం వాగులోకి, చెరువులోకి వదలకండి. పైపు మూతికి గుడ్డ కట్టి చేపల్ని పట్టుకున్నాకే పారించండి. అడుగు బురద వారం ఎండబెట్టి, బీటలు తీశాక పైపొర గీకి చెట్లకు వేసుకుంటే, మళ్లీ సున్నం చల్లడానికి గుంట రెడీ.